గేటు దగ్గర చెప్పులు

18 జూలై 2003, శుక్రవారం

ఇది మా ఆయనకి ఆఫీసులో జనవరిలో ఇచ్చిన డైరీ. అట్ట బాగుందని అల్మారాలో దాచాను తప్ప ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు. ఈరోజు రాయాలి. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటే రేపు ఎవరడిగినా తడబడకుండా చెప్పొచ్చు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇస్త్రీ బట్టల కోసం సిద్దమ్మ వచ్చింది. మా వీధి మలుపులో ఉన్న ఇస్త్రీ బండి ఆమెదీ, ఆమె మొగుడు సోమయ్యదీ. అప్పుడే వాన అందుకుంది. డాబా మీద బట్టలున్నాయి. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను, కదిలితే పొంగుతాయి. అందుకని "సిద్దమ్మా, కాస్త పైకెళ్ళి ఆ బట్టలు తెచ్చిపెడతావా" అన్నాను. అంతే అన్నాను. ఎప్పటిలాగే చెప్పులు గేటు దగ్గర విడిచి వచ్చింది కదా, తడి కాళ్ళతో బయటి మెట్లెక్కింది. నాలుగో మెట్టు దగ్గర పడిపోయింది. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయి. నాలుక కరుచుకుంది, నోటి నిండా రక్తం.

సోమయ్యా నేనూ ఆటోలో మేడ్చల్ రోడ్డు మీది నర్సింగ్ హోముకి తీసుకెళ్ళాం. డాక్టరు నన్నే అడిగాడు, పడ్డప్పుడు దగ్గరున్నది నేనొక్కదాన్నే కాబట్టి. "మీరేం చూశారు?" అన్నాడు. "కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయండీ" అన్నాను. "నాలుక కరుచుకుందా?" "కరుచుకుందండీ." ఇలా ఇదివరకు ఎప్పుడైనా పడిందా అని సోమయ్యని అడిగాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒకసారి పడ్డదని సిద్దమ్మ తల్లి చెప్పేదని సోమయ్య అన్నాడు. ఫిట్స్ కావచ్చని డాక్టరు మందులు రాశాడు.

నేను చూసింది చెప్పాను. చూడనిది ఎలా చెబుతాను? డాక్టరీ నాకు తెలీదు. కరెంటు సంగతులూ తెలీవు.

19 జూలై

పాలు పొయ్యి మీద ఉన్నాయి. అది నిజం.

22 జూలై, మంగళవారం

కేబుల్ వాళ్ళకి మూడుసార్లు ఫోన్ చేస్తే ఇవాళ పరమేష్ వచ్చాడు. మా నాలుగు వీధుల కేబుల్ చూసేది అతనే.

బొమ్మ దూరం పోవాలంటే మధ్యలో ఒక ఆంప్లిఫయర్ పెట్టె ఉండాలట. రెండేళ్ళ కింద ఆ రేకు పెట్టెని మా బయటి మెట్ల ఇనప రెయిలింగుకి బోల్టులేసి బిగించారు. దానికి కరెంటు మా వరండా ప్లగ్గు నుంచే. అందుకు మాకు కేబుల్ ఊరికే ఇస్తున్నారు. కాలనీలో సగం మంది ఇలాగే ఇచ్చారు, మేమేదో లోకంలో లేని పని చెయ్యలేదు.

మొన్న మే నెల నుంచి బొమ్మ మీద ఒక నల్ల గీత. అడ్డంగా, కింద నుంచి పైకి మెల్లగా పాకుతూ పోయేది, మళ్ళీ కింద నుంచి మొదలు. సీరియల్లో ఆవిడ ఏడుస్తుంటే సరిగ్గా ముక్కు మీదుగా పోయేది. నాకు ఒళ్ళు మండిపోయింది. పరమేష్‌ని పిలిచి నానా మాటలూ అన్నాను. అతను వచ్చి చూసి, "మేడం, గీ మూడో తీగె ఉంటెనే గీత వస్తాంది. తీసేస్తే బొమ్మ సాఫ్ అయితది" అన్నాడు. ప్లగ్గు విప్పి ఎర్త్ తీగ పీకేశాడు. గీత పోయింది. నేను అతనికి కాఫీ కూడా ఇచ్చాను.

ఇవాళ "ఆ తీగ మళ్ళీ పెట్టెయ్యి" అన్నాను.

"మళ్ళ గీత వస్తది మేడం."

"రానీ."

పెట్టె మూత తీస్తే లోపలి నుంచి గ్లాసెడు నీళ్ళు కారాయి. పరమేష్ నీళ్ళకేసి చూసి, నాకేసి చూశాడు. "ఎవ్వరికన్న షాక్ గొట్టిందా మేడం?"

"లేదు" అన్నాను.

అతను పెట్టె తుడిచి, మూతకి కొత్త రబ్బరు వేసి, తీగ బిగించి, జల్దీ జల్దీగా వెళ్ళిపోయాడు. అతనికీ అడగాలని లేదు.

23 జూలై

"మళ్ళీ ఈ దరిద్రపు గీతేమిటి?" అన్నారు ఆయన, క్రికెట్ చూస్తూ. ఉండనివ్వండి అన్నాను.

3 ఆగస్టు, ఆదివారం

బస్టాండు వెనక సిద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అరడజను అరటిపళ్ళు, ఒక బ్రెడ్డు. నా మొహం, బ్రెడ్డు.

మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. "మెట్టెక్కింది యాదికుందమ్మా. ఇగ ఏం యాదికి లేదు. మీరు లేకుంటె ఏమైపోతుంటినో" అంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ కుడి అరచేతిలో అడ్డంగా కాలిన మచ్చ, వేలంత వెడల్పు. ఆమె కూడా మచ్చ చూసుకుని, "ఇస్త్రీ పెట్టె సురుకు. ఎప్పుడు పెట్టుకున్ననో ఏమో" అంది.

గోళీలు వేసుకుంటే మబ్బు మబ్బుగా ఉంటోందట. నిద్దరొస్తోందట. సోమయ్య పక్కనే నిలబడి, మంచినీళ్ళకి లేచినా పట్టుకుంటున్నాడు.

ఇంటికొచ్చి ఆయనతో అన్నాను, చెప్పేద్దామండీ అని. ఆయన జీడిమెట్లలో మందుల కంపెనీలో సేఫ్టీ ఇన్‌చార్జి. ఆ మాట ఇక్కడ రాస్తుంటే నవ్వొస్తోంది, నవ్వు కాదు అది. "చెబితే ఏమవుతుందో తెలుసా? కేసవుతుంది. ఆ ప్లగ్గు మనది, ఇల్లు మనది. కావాలని చేశామా ఏమిటి? బతికింది కదా, సంతోషించు" అన్నారు. తర్వాత కాసేపటికి, "మందుల ఖర్చు మనమే ఇద్దాం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. నేనూ కాదు. అందుకే ఇద్దరం నోరు మూసుకున్నాం.

20 ఆగస్టు

బట్టల కోసం సోమయ్య ఒక్కడే వచ్చాడు. "ఇగ ఆమెతోని పని చేపిచ్చుడు కాదమ్మా. బొగ్గుల పెట్టె ముంగట పడితె ఎట్ల? నేనొక్కణ్ణి ఎంతని జేస్త? శామీర్‌పేట కాడ ద్రాక్షతోటకు కాపలా మనిషి గావాల్నంట, పోదామనుకుంటున్న" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఇస్త్రీ చేస్తున్న మనిషి సిద్దమ్మ. మా ఆయన తన తెల్ల చొక్కాలు వేరే ఎవరికీ ఇవ్వనిచ్చేవారు కాదు. చొక్కా కాలరు ఆమె వంచినట్టు ఇంకెవరూ వంచలేరని అనేవారు.

మంచిదే, తోటలో గాలి బాగుంటుంది అన్నాను.

9 సెప్టెంబరు

సిద్దమ్మ కూతురు బాలమణికి ఆడపిల్ల పుట్టింది.

30 సెప్టెంబరు, మంగళవారం

తొట్టెల వేడుకకి పిలిస్తే వెళ్ళాను. ఇరుకింట్లో ఇరవై మంది. పాపకి భవిత అని పేరు పెట్టారు. ఎర్రగా, గుప్పెడంత ఉంది. అందరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఎత్తుకున్నారు. నా ఒళ్ళోనూ పెట్టారు. సిద్దమ్మ గోడవారన కూర్చుని చూస్తోంది. పాప ఆమె పక్కకి వచ్చేసరికి రెండు చేతులూ చాచింది.

"నువ్వు కూసోయే" అన్నాడు సోమయ్య. గట్టిగా కాదు, మెల్లగానే అన్నాడు. "చేతులల్ల ఉన్నప్పుడు అది వస్తె? పసిపిల్ల."

బాలమణి తల్లి మొహం చూడకుండా పాపని తీసుకుని పక్కవాళ్ళకిచ్చింది. సిద్దమ్మ చాచిన చేతులు వెనక్కి తీసుకుని కొంగు కింద పెట్టుకుంది. "నిజమే తియ్యి" అంది. "ఒక్కపాలి మస్తు ఎత్తుకోవాలనిపిచ్చింది, అంతే."

ఆ పూట చెప్పాల్సింది. ఇరవై మంది ముందు ఎలా అనుకున్నాను. బయటికి పిలిచి చెప్పొచ్చు కదా? అదీ చెయ్యలేదు. విస్తరి ముందు కూర్చున్నాను. రెండు గారెలు తిన్నాను కూడా.

12 అక్టోబరు, ఆదివారం

పాలు పొయ్యి మీద లేవు.

ఇంట్లో ఎవరూ లేరు, ఈ డైరీ ఎవరూ చదవరు, అయినా ఆ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఇక మిగతాది కూడా రాస్తాను.

పాలు పొద్దున్నే కాచేశాను. నేను టీవీ ముందు కూర్చుని ఉన్నాను. ఒంటిగంటన్నర సీరియల్. లేవాలనిపించలేదు. కానీ అసలు సంగతి అది కాదు. వానలో ఆ మెట్లెక్కాలంటే నాకు భయం.

ఎందుకు భయమో కూడా రాస్తాను. మా నాన్నగారు తణుకులో కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఆయన పోయాక ఆయన టెస్టరు నేను తెచ్చుకున్నాను. సొరుగులో ఉంది. జూన్‌లో మొదటి వాన పడ్డ రోజు రెయిలింగు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంది. టెస్టరు పెట్టి చూశాను. వెలిగింది. మూడో తీగ ఉన్నన్నాళ్ళూ పెట్టెలో లీకైన కరెంటు భూమిలోకి పోయేది, తీగ పీకేశాక రెయిలింగంతా పాకింది. చిన్నప్పుడు నాన్నగారు అన్నం తింటూ చెప్పిన పాఠమే. కరెంటు సంగతులు తెలియవట నాకు!

మా ఆయనకి చెప్పాను. కేబుల్ వాళ్ళకి చెబుదాంలే అన్నారు. చెబితే మళ్ళీ ఆ తీగ పెడతారు, మళ్ళీ గీత వస్తుంది. రేపు, ఎల్లుండి అంటూ ఇద్దరం వాయిదా వేశాం. ఈలోపు చెప్పులేసుకుని ఎక్కితే ఏం కాదని తేల్చుకున్నాం. మా అబ్బాయి హర్షకి గట్టిగా చెప్పాను, "హవాయి చెప్పులు లేకుండా మెట్లెక్కావంటే వీపు పగులుతుంది" అని. వాడికి పదేళ్ళు. వాడు ఒక్కరోజు కూడా మర్చిపోలేదు.

ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ఆమెకి చెప్పలేదు.

ఆరోజు కేక వినబడగానే నేను మెట్ల దగ్గరికి పరిగెత్తలేదు. వరండాలోకి పరిగెత్తి స్విచ్చు ఆపాను. అంటే కేక వినగానే నాకు అర్థమైందన్నమాట. స్విచ్చు ఆపాకే ఆమె చెయ్యి రెయిలింగు నుంచి విడిపోయి పడింది. డాక్టరు ఏం చూశారని అడిగినప్పుడు నేను అన్నీ నిజాలే చెప్పాను, ఈ ఒక్కటి తప్ప.

14 అక్టోబరు

రోజూ ఎర్త్ గుంతలో ఒక బకెట్ నీళ్ళు పోస్తున్నాను. మట్టి తడిగా ఉంటేనే ఎర్త్ పనిచేస్తుందని నాన్నగారు ఎండాకాలమంతా పోయించేవారు. "ట్యాంకరు నీళ్ళు తాగడానికే చాలట్లేదు, గుంతకి పోస్తావేమిటి?" అని ఆయన విసుక్కున్నారు. ఇప్పుడు పోసి ఎవర్ని బాగుచేస్తున్నానని నన్ను అడగలేదు.

7 డిసెంబరు

సోమయ్య వాళ్ళు సామాను ఆటోలో వేసుకుని శామీర్‌పేట వెళ్ళిపోయారు. బాలమణి అత్తారిల్లు కూడా ఆ పక్కనేనట. ఇస్త్రీ బండి ఎవరికో ఇచ్చేశారు. వెళ్ళేముందు సిద్దమ్మ వచ్చింది. గేటు లోపలికి రాలేదు. "మీ ఇంట్ల పడ్డనాటి సంది మిమ్మల్ని మస్తు పరేషాన్ జేసిన, ఏమనుకోకమ్మా" అంది.

ఏమనుకుంటాను.

31 డిసెంబరు

డైరీ అయిపోయింది. మానేద్దామనుకున్నాను. కానీ ముందర జనవరి నుంచి జూలై పదిహేడు దాకా పేజీలు ఖాళీగానే ఉన్నాయి.

5 జనవరి 2004

వారం పేరు కొట్టేసి రాస్తున్నాను. ఆయన కొత్త డైరీ తెచ్చారు, వద్దన్నాను.

2 మార్చి

హర్ష అడిగాడు, "అమ్మా, మెట్ల కింద ఆ చెప్పులెవరివి?" అని. సిద్దమ్మవి. ఆరోజు వట్టి కాళ్ళతోనే ఆటో ఎక్కించాం. గేటు దగ్గర మిగిలిపోయిన చెప్పులు తీసి మెట్ల కింద పెట్టాను. డిసెంబర్లో ఆమె వచ్చినప్పుడు ఇచ్చేయొచ్చు. ఇవ్వలేదు. ఇస్తే అడుగుతుందేమోనని. ఏం అడుగుతుంది పాపం, చెప్పులే కదా.

ఇంకొకటి రాయాలి. ఎప్పటిలాగే చెప్పులు గేటు దగ్గర విడిచింది అని జూలైలో రాశాను. అదేదో ఆమె అలవాటైనట్టు. ఈ ఇల్లు కట్టుకుని గృహప్రవేశం అయిన వారానికి ఆమె మొదటిసారి బట్టలకి వచ్చింది. కొత్త మొజాయిక్, ఆమె చెప్పులకి బొగ్గుమసి. "గేటు దగ్గరే విప్పి రా సిద్దమ్మా" అన్నాను. ఒక్కసారే అన్నాను. ఆరేళ్ళు అలాగే విప్పి వచ్చింది. ఎండలో గచ్చు కాలిపోతున్నా, వానలో తడిగా ఉన్నా. మేం ముగ్గురం మాత్రం ఇల్లంతా హవాయి చెప్పులతోనే తిరుగుతాం.

3 మార్చి

టెస్టరు పెట్టి చూశాను. వెలగలేదు. ఇప్పుడు వెలగదు.

18 ఏప్రిల్

సుచిత్ర చౌరస్తా దగ్గర బస్సులో బాలమణి కనిపించింది. ఒళ్ళో పాప. ఏడు నెలలు వచ్చాయి. కూర్చుంటోందట. అమ్మ ఎలా ఉంది అని అడిగాను. "ఉన్నదమ్మా. మళ్ళ ఒక్కసారి గూడ రాలే అది. గోళీల తోటి ఆగిందంటున్నరు. మా అమ్మ పిల్లను ఎత్తుకుంటనని అడుగుతనే ఉంటది. నాకు గూడ ఇయ్యాలనే ఉంటది. బాపు ఒప్పుకోడు, నాకూ బుగులే. ఉన్న ఒక్క పిల్లాయె" అంది.

గోళీల తోటి ఆగింది! రానిది ఆగింది.

ఏడు నెలల్లో ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు.

20 ఏప్రిల్

రేపు వెళ్తాను.

21 ఏప్రిల్

వెళ్ళలేదు. హర్షకి జ్వరం.

22 ఏప్రిల్

హర్షకి జ్వరం లేదు.

13 జూన్

వానలు మొదలయ్యాయి. టీవీలో గీత అలాగే ఉంది. పరమేష్ దారిలో కనబడి, పెట్టెని స్తంభం మీదికి మారుస్తాం, అప్పుడు గీత పోతది అన్నాడు. మార్చండి అన్నాను. ఇన్నాళ్ళూ ఆ గీత చూస్తూ కూర్చోవడమే ఏదో పెద్ద శిక్ష అనుభవిస్తున్నట్టు మురిసిపోయాను. నాకు శిక్ష పడితే సిద్దమ్మకి ఏమొచ్చింది?

11 జూలై

ఇంకా ఆరు పేజీలున్నాయి.

17 జూలై 2004

ఇదే ఆఖరి ఖాళీ పేజీ. తిప్పితే అవతల పాలు పొయ్యి మీద ఉన్నాయి. ఆ పేజీని ఇలాగే చేరుకోవడం నావల్ల కాలేదు. పొద్దున ఆయనకి చెప్పాను, వెళ్తున్నానని. ఆయన పేపరు మడిచి "నేనూ రానా?" అన్నారు. వద్దన్నాను. చోటు చాలదు, చిన్న అక్షరాలతో రాస్తున్నాను.

చెప్పులు తుడిచి సంచిలో పెట్టుకున్నాను. శామీర్‌పేటలో దిగి ద్రాక్షతోట అడుక్కుంటూ వెళ్ళాను. రేకుల షెడ్డు ముందు చాప మీద బాలమణి పాపకి గుడ్డలు మారుస్తోంది. సోమయ్య తోట లోపలి నుంచి వచ్చాడు. సిద్దమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని బియ్యం చెరుగుతోంది. చిక్కిపోయింది. నన్ను చూసి మొహం వెలిగింది, కుర్చీ కోసం లోపలికి వెళ్ళబోయింది. కూర్చోను అన్నాను. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు.

వరసగా చెప్పాను. పెట్టె, తీగ, టెస్టరు, స్విచ్చు. పాలు లేవని కూడా చెప్పాను. వాళ్ళకి ఆ పాల సంగతే తెలియదు, అయినా చెప్పాను. "నీకు ఏ జబ్బూ లేదు సిద్దమ్మా. అది కరెంటు. నీ చేతి మీద మచ్చ మా రెయిలింగుది" అన్నాను.

సోమయ్య తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతున్నాడు. "ఏడాది" అన్నాడు చివరికి. "ఏడాదాయె అమ్మా. మాకు ఒక్క మాట జెప్తె ఏం బోయేది మీది?"

ఏమీ పోయేది కాదు. ఆ మాటే అన్నాను.

సిద్దమ్మ తన అరచెయ్యి చూసుకుంటోంది. "నాకు బీమారి లేదా?" అంది.

"లేదు."

"మరి గోళీలు?"

"డాక్టరుని అడక్కుండా ఒక్కసారిగా మానకు. సోమవారం నేనే వచ్చి తీసుకెళ్తాను. ఆయనతో అన్నీ నేనే చెబుతాను."

అప్పుడు ఆమె చూపు నా సంచి మీద పడింది. చెప్పులు తీసి ఆమె ముందు పెట్టాను. ఒక చెప్పు తిప్పి చూసింది.

"గియ్యి ఏసుకుంటె ఏం గాకపోవునా?"

"ఇంత కాకపోయేది."

"మీరే ఇప్పి రమ్మంటిరి గదమ్మా" అంది. తిట్టలేదు. గుర్తు తెచ్చుకుంటున్నట్టు అంది, అంతే. తిడితే బాగుండేది.

ఇక నాకేసి చూడలేదు. చేట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చింది. "మణీ, పిల్లనియ్యే" అంది.

బాలమణి తండ్రి వైపు చూసింది. సోమయ్య తల వంచుకున్నాడు, వద్దనలేదు. పాపని ఎత్తి తల్లి చేతుల్లో పెట్టింది. సిద్దమ్మ కుడి చెయ్యి పాప వీపు కింద పెట్టి, ఎడమ చేత్తో తల పట్టుకుని గుండెకి ఆనించుకుంది. అలా పట్టుకునేది అప్పుడే పుట్టిన పిల్లల్ని. పది నెలల పిల్లని అలా పట్టుకోరు.

పాప తల వెనక్కి వంచి ఆ మొహంలోకి చూసింది. పెదవి విరిచింది. ఇక ఏడుపు. రెండు చేతులూ తల్లి వైపు చాచి, కాళ్ళతో తంతూ, ఊపిరాడకుండా ఏడుపు.

"కొత్త జేస్తాందే అమ్మా" అంది బాలమణి. "దానికి నీ చేతులు అలవాటు లేవు. ఇటియ్యి."

"ఏడ్వనియ్యి" అంది సిద్దమ్మ.

నేను రోడ్డెక్కేదాకా ఆ ఏడుపు వినబడుతూనే ఉంది. వెనక్కి తిరిగి చూశాను. షెడ్డు ముందు అటూ ఇటూ నడుస్తోంది. పాపని దింపలేదు.